పొగ లెక్కకూ వోచరు కావాలి

ఒక కర్మాగారం మేనేజరు బల్ల సొరుగులో ఒక నోటీసు ఉందనుకుందాం. రసాయన వ్యర్థాల డ్రమ్ములు పేర్చిన చోట మట్టి కలుషితమైందని, ఫలానా గడువులోగా దాన్ని శుభ్రం చేయించాలని కాలుష్య నియంత్రణ అధికారులు పంపిన కాగితం అది. మేనేజరు బాధ్యత ఎరిగిన మనిషే. వెంటనే జవాబు రాశాడు, శుభ్రం చేసే సంస్థను పిలిపించి స్థలం చూపించాడు, ఎంత ఖర్చవుతుందో అంచనా కూడా రాయించుకున్నాడు. ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి సొరుగులో భద్రపరిచాడు. అదే నెలలో మరో భవనంలో ఆర్థిక విభాగం సంవత్సరాంత లెక్కలు ముగించింది. నోటీసు సంగతి అక్కడ ఒక్కరికీ తెలియదు.

అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 37 ఏమంటుందంటే, ఇప్పటికే జరిగిపోయిన దాని వల్ల ఒక బాధ్యత మెడకు చుట్టుకుని, దాన్ని తీర్చడానికి డబ్బు చెల్లించవలసి వచ్చే అవకాశమే ఎక్కువగా ఉండి, ఆ మొత్తాన్ని నమ్మదగినట్లుగా లెక్కకట్టగలిగితే, ఆ ఏడాది లెక్కల్లోనే అందుకు కేటాయింపు చూపాలి, అంటే ఆ మొత్తాన్ని ముందే ఖర్చుగా, బాధ్యతగా రాయాలి. ఇక్కడ మట్టి పాడయింది, శుభ్రం చేయక తప్పదు, అంచనా చేతిలో ఉంది. మూడు షరతులూ నెరవేరాయి. అంటే ఆ సంస్థ లాభాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా, బాధ్యతలను తక్కువగా చూపింది. ఆ లెక్కల మీద ఆధారపడి, రుణ షరతులన్నీ పాటిస్తున్నామని బ్యాంకుకు ఇచ్చిన ధ్రువీకరణ కూడా తప్పయింది. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు, అయినా ఒకే కాగితం మూడు చోట్ల సంస్థను దోషిగా నిలబెట్టింది.

వ్యాపారాలు నిబంధనలకు కట్టుబడి ఉండటం గురించి మాట్లాడినప్పుడల్లా కొత్త చట్టాలను ఎలా గమనిస్తూ ఉండాలన్న దాని మీదే చర్చ సాగుతుంది. నాకు అంతకన్నా పెద్ద సమస్య ఆ సొరుగులో కనిపిస్తుంది. పర్యావరణ నిబంధనలు, ఆర్థిక నిబంధనలు రెండు వేర్వేరు లోకాలన్న నమ్మకంతో సంస్థలు తమ ఉద్యోగులను, రిజిస్టర్లను, ఆఖరికి సాఫ్ట్‌వేర్లను కూడా విడదీసుకున్నాయి. నిబంధనలు మాత్రం ఈ మధ్యకాలంలో ఆ గోడను పట్టించుకోవడం మానేశాయి.

2023 జూన్‌లో అంతర్జాతీయ సుస్థిరతా ప్రమాణాల మండలి రెండు ప్రమాణాలు విడుదల చేసింది. ఐఎఫ్‌ఆర్‌ఎస్ ఎస్1 సుస్థిరతకు (పర్యావరణం, సమాజం వంటి విషయాలకు) సంబంధించిన నష్టభయాలూ అవకాశాలను వెల్లడించడం గురించి, ఎస్2 వాతావరణ మార్పు గురించి. వీటిని ఎప్పటి నుంచి, ఎంతమేరకు అమలు చేయాలన్నది ఆయా దేశాల నిర్ణయం. అయితే వీటిలో ఉన్న ఒక మామూలు వాక్యం లాంటి షరతు నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది: సుస్థిరత నివేదిక, ఆర్థిక నివేదిక ఒకే సంస్థకు, ఒకే కాలానికి చెందినవై ఉండాలి, తొలి ఏడాది సడలింపు తర్వాత రెండూ ఒకేసారి వెలువడాలి. ఇన్నాళ్లూ ఆర్థిక నివేదిక వచ్చాక కొన్ని నెలలకు, చెట్ల బొమ్మలతో తీరిగ్గా అచ్చయ్యే పర్యావరణ పుస్తకం ఇక ఆడిటర్ బల్ల మీదికి రావాలి. అక్కడ అంకెకు అంకె సరిపోవాలి.

సరిపోవడం అంటే ఏమిటో ఒక డీజిల్ ట్యాంకు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆర్థిక సంవత్సరం ఇంకా మూడు రోజుల్లో ముగుస్తుందనగా ట్యాంకరు వచ్చి 10,000 లీటర్లు పోసి వెళ్లింది. బిల్లు వచ్చింది, ఖర్చుగా రాశారు. సంవత్సరం చివరి రోజు సాయంత్రానికి అందులో వాడింది 1,500 లీటర్లు. ఉద్గారాల, అంటే గాలిలోకి వదిలిన వాయువుల, నివేదిక తయారుచేసే ఉద్యోగికి ట్యాంకు దగ్గరి లాగ్‌బుక్ అందుబాటులో లేదు. ఖాతాల నుంచి ఇంధన ఖర్చు తీసుకుని, సగటు ధరతో భాగించి లీటర్లు రాబట్టాడు. ఒక లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మండని 8,500 లీటర్లకు దాదాపు 23 టన్నుల పొగ ఆ ఏడాది పద్దులో పడింది. మరుసటి ఏడాది ఆ ఇంధనం నిజంగా మండినప్పుడు లెక్కలో అది కనిపించదు. దాంతో ఉద్గారాలు తగ్గాయని నివేదిక చెబుతుంది, యాజమాన్యం సంతోషిస్తుంది, ఉద్గారాల లక్ష్యంతో వడ్డీ రేటును ముడిపెట్టిన రుణం ఏదైనా ఉంటే బ్యాంకు వడ్డీ కూడా తగ్గిస్తుంది. లేని తగ్గుదలకు దక్కిన రాయితీ అది.

విద్యుత్తు బిల్లుల్లోనూ ఇదే తంటా. బిల్లు కాలం నెల మధ్యలో మొదలై నెల మధ్యలో ముగుస్తుంది. యూనిట్లను ఉద్గారాలుగా మార్చే గుణకం ఏటా సవరించబడుతుంది. ఏ సంవత్సరపు గుణకం వాడారో రాసిపెట్టకపోతే రెండేళ్ల తర్వాత ఆ అంకె ఎలా వచ్చిందో దాన్ని వేసిన మనిషి కూడా చెప్పలేడు. ఖాతాల్లో చిన్న ఖర్చుకైనా వోచరు, తేదీ, సంతకం అడిగే సంస్థలు వందల టన్నుల ఉద్గారాలను ఎవరో పంపిన ఎక్సెల్ షీటు ఆధారంగా ప్రకటించడం నాకు చాలాకాలంగా మింగుడుపడని విషయం.

ఆర్థిక రంగం ఈ దశను ఇదివరకే దాటి వచ్చింది. లెక్కల మోసం బయటపడి 2001లో అమెరికా ఇంధన సంస్థ ఎన్రాన్ కూలిపోయాక, 2002లో అమెరికా తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం లెక్కలకు సంస్థ అధిపతి, ఆర్థికాధికారి స్వయంగా హామీ ఇచ్చి సంతకం చేయాలంది. అంతటితో ఆగక, ఆ లెక్కలు తయారయ్యే పద్ధతి మీద, దాన్ని అదుపులో ఉంచే అంతర్గత నియంత్రణల మీద కూడా పరీక్ష పెట్టింది. అంకె ఎంత అన్న ప్రశ్న పక్కన ఆ అంకె ఏ దారిలో వచ్చిందన్న ప్రశ్న శాశ్వతంగా చేరింది. పర్యావరణ లెక్కలకు ఆ రెండో ప్రశ్న ఇప్పుడిప్పుడే ఎదురవుతోంది. ఎదురయ్యాక సర్దుకుందామనుకునే వారికి ఒక మాట చెప్పాలి. గడిచిపోయిన ఏడాది మీటరు రీడింగులను ఇవాళ వెనక్కి వెళ్లి తీసుకోలేం.

నిబంధన ఏ దారిన వస్తుందన్నదీ మారిపోయింది. పూర్వం అది ప్రభుత్వ గెజిట్‌లో వచ్చేది, న్యాయ విభాగం చదివి సర్క్యులర్ పంపేది. ఇప్పుడు చాలా సంస్థలకు అది కొనుగోలుదారు పంపే ప్రశ్నావళిగా వస్తోంది. దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కార్బన్‌కు వెల కట్టించే యూరోపియన్ యూనియన్ సరిహద్దు కార్బన్ సర్దుబాటు విధానం 2023 అక్టోబర్ 1న నివేదికల దశగా మొదలై, 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి అడుగుపెట్టింది. సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజన్ దీని పరిధిలో ఉన్నాయి. చట్టం బాధ్యత పెట్టింది ఐరోపాలోని దిగుమతిదారు మీద. కానీ ఆ సరుకు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో తెలిసేది ఎక్కడో ఖండాల అవతల ఉన్న కర్మాగారానికి. కాబట్టి కర్మాగారపు అమ్మకాల విభాగానికి ఒక ఫారం వస్తుంది. అమ్మకాల ఉద్యోగి దాన్ని నాణ్యతా ధ్రువీకరణ పత్రం లాంటిదనుకుని ఏదో ఒకటి నింపి పంపేస్తాడు. అతడు ఆ క్షణంలో ఒక విదేశీ చట్టం కింద లెక్క చెబుతున్నాడని అతనికి తెలియదు, అతని సంస్థకూ తెలియదు. వాస్తవ అంకెలు ఇవ్వలేని సరుకుకు ముందే నిర్ణయించిన అంకెలు వర్తిస్తాయి. శుభ్రంగా ఉత్పత్తి చేసేవారికి అవి నష్టమే, ఎందుకంటే వారి కష్టం ఆ అంకెల్లో ఎక్కడా కనిపించదు.

ఇంకొన్ని నిబంధనలు సడి లేకుండా మారుతాయి. ఐరోపా రసాయనాల చట్టం రీచ్ కింద తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితా ఒకటి ఉంది. 2008లో 15 పదార్థాలతో మొదలైన ఆ జాబితాకు మామూలుగా ఏడాదికి రెండుసార్లు చేర్పులు జరుగుతూ ఇప్పుడది 200 దాటింది. ఒక వస్తువులో అలాంటి పదార్థం బరువులో 0.1 శాతానికి మించి ఉంటే, దాన్ని కొన్న వ్యాపారికి ఆ సంగతి తెలియజేయాలి. వస్తువు అదే, యంత్రం అదే, సరఫరాదారు అతడే. అయినా జాబితాలో ఒక పేరు చేరిన రోజున నిన్నటిదాకా ఏ అడ్డూ లేకుండా అమ్ముడైన సరుకు ఇవాళ వివరణ ఇవ్వవలసిన సరుకవుతుంది. 2001 చివర్లో నెదర్లాండ్స్ అధికారులు సోనీ ప్లేస్టేషన్ పెట్టెలను పెద్ద ఎత్తున నిలిపివేసినప్పుడు కారణం ఆటయంత్రం కాదు, బయటి నుంచి తెచ్చుకున్న కేబుళ్లలో పరిమితికి మించి ఉన్న క్యాడ్మియం అనే విష లోహం. అంత పెద్ద సంస్థకు తన కేబుల్ పైతొడుగులో ఏముందో తెలియకపోవడం అప్పట్లో ఆశ్చర్యం. ఇవాళ తెలియకపోతే దాన్ని నేరంగానే చూస్తారు.

అన్ని మార్పులూ హఠాత్తుగా వచ్చిపడవు. నిజం చెప్పాలంటే, పెద్ద మార్పుల్లో చాలావరకు ఏళ్ల తరబడి కళ్లముందే నడిచి వస్తాయి. ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2008లోనే దారి వేసింది. 2020 జనవరి 1 తేదీని 2016 అక్టోబర్‌లో ఖరారు చేసింది. ఆ మధ్యకాలంలో కొందరు ఓడల యజమానులు పాత ఇంధనాన్నే వాడుకుంటూ, పొగను సముద్రపు నీటితో కడిగి ఆ నీటిని తిరిగి సముద్రంలోకే వదిలే స్క్రబ్బర్లు అమర్చుకున్నారు. నిబంధన అక్షరానికి అది సరిపోయింది. కానీ సింగపూర్, ఫుజైరా వంటి రేవులు తమ జలాల్లో ఆ కడుగునీటిని వదలడాన్ని సరిగ్గా అదే 2020 జనవరి నుంచి నిషేధించాయి. గాలి నుంచి తీసిన మురికిని నీటిలో కలిపితే నీటి సంగతి అడిగేవారు వస్తారని ఊహించడానికి న్యాయవాది అవసరం లేదు. శీతలీకరణ వాయువుల కథా ఇదే. 1987 మాంట్రియల్ ఒప్పందం ఓజోన్ పొరను తినేసే వాయువులను తప్పించింది, వాటి బదులు వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు వాతావరణాన్ని వేడెక్కిస్తున్నందున 2016 కిగాలీ సవరణ వాటినీ తగ్గించమంది. కొత్త యంత్రం మీద పదిహేనేళ్లకు సరిపడా పెట్టుబడి పెట్టేటప్పుడు ఇవాళ్టి పరిమితిని మాత్రమే చూసేవారు అదే ఖర్చును రెండుసార్లు పెడతారు.

ఆర్థిక నిబంధనల్లో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది లీజుల ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16. 2016 జనవరిలో ప్రకటించారు, 2019 జనవరి నుంచి అమలు. లీజులన్నీ దాదాపుగా ఆస్తి-అప్పుల పట్టికలోకి రావాలన్నది సారాంశం. సిద్ధపడటానికి మూడేళ్లున్నాయి. తీరా పని మొదలుపెట్టాక, కష్టమైనది లెక్క కట్టడం కాదని తేలింది. అసలు లీజులు ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో వెతకడమే పెద్ద పని. గోదాము ఒప్పందం ఒక చోట, ఫోర్క్‌లిఫ్టులది మరో చోట, ఐటీ సేవల ఒప్పందం లోపల ఎక్కడో దాగిన సర్వర్ల లీజు ఇంకో చోట. అమలు తేదీకీ పని మొదలుపెట్టవలసిన తేదీకీ మధ్య దూరం మనం అనుకున్నదానికన్నా ఎప్పుడూ ఎక్కువే.

నిబంధనలు వెనక్కి కూడా నడుస్తాయి. ఐరోపా సుస్థిరత నివేదికల ఆదేశం కింద తర్వాతి విడతల్లో నివేదించవలసిన కంపెనీలకు 2025 ఏప్రిల్‌లో రెండేళ్ల వాయిదా దొరికింది. అమెరికాలో కంపెనీల అసలు యజమానుల వివరాలు ప్రభుత్వానికి ఇవ్వాలన్న నిబంధన 2024 చివర్లో కోర్టుల్లో ఆగుతూ సాగుతూ, 2025 మార్చిలో దేశీయ కంపెనీలకు పూర్తిగా ఎత్తివేశారు. ముందే సిద్ధమైనవారికి ఇది చేదు అనుభవమే, వారి కోపం న్యాయమైనదే. తొందరపడకుండా ఆగినవారే తెలివైనవారన్న మాట కూడా అప్పుడు వినిపించింది. దాన్ని నేను ఒప్పుకోను. ప్రభుత్వం అడగడం మానేసినా అసలు యజమాని ఎవరని బ్యాంకు అడుగుతుంది, ఉద్గారాలెంతని కొనుగోలుదారు, బీమా సంస్థ అడుగుతూనే ఉంటాయి. ఒక ప్రత్యేక ఫారం కోసం పెట్టిన ఖర్చు వృథా కావచ్చు. మీటరు, రిజిస్టరు, వాటిని సరిచూసే మనిషి మీద పెట్టిన ఖర్చు ఇంకో ఫారానికి పనికొస్తుంది. కాబట్టి ముందుగా డబ్బు పెట్టవలసింది రెండో దాని మీద.

చాలా సంస్థల్లో కంప్లయన్స్ అధికారి అంటే గడువుల క్యాలెండరు చూసుకుంటూ అందరికీ గుర్తుచేసే మనిషి. అతనికి ఉత్పత్తిని ఆపమనే అధికారం ఉండదు, ఖాతాల్లోకి తొంగిచూసే హక్కు ఉండదు, తప్పు జరిగితే మాత్రం మొదటి సంజాయిషీ అతనిదే. ఈ అన్యాయాన్ని సరిదిద్దకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఫలితం ఉండదు. కొత్త నిబంధన వచ్చినప్పుడు అది ఏ రిజిస్టరును, ఏ ఒప్పందాన్ని, ఏ అంకెను తాకుతుందో ఒక పట్టిక ఉండాలి. ఆ పట్టికలో ప్రతి వరుసకూ ఒక విభాగం పేరు కాకుండా ఒక మనిషి పేరు ఉండాలి. నెలకోసారి ఆర్థిక విభాగం, పర్యావరణ విభాగం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఆ నెలలో వచ్చిన నోటీసులు, మారిన అనుమతులు, ఇంధన నిల్వలు, వ్యర్థాల రవాణా చలాన్లు ఒకరివొకరు చదవాలి. రెండు గంటల పని. ఆ సొరుగులోని నోటీసు ఈ సమావేశంలోనే బయటపడేది.

2015 సెప్టెంబర్‌లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారం వేరే జాతిది. పరీక్ష గదిలో ఒకలా, రోడ్డు మీద ఒకలా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల డీజిల్ కార్లలో పెట్టడం పొరపాటు కాదు, మోసం. కానీ చిన్నపాటి అలాంటి ప్రలోభం ప్రతి కర్మాగారంలోనూ, ప్రతి షిఫ్టులోనూ ఉంటుంది. వ్యర్థజలాల గొట్టం దగ్గర ప్రవాహం మీటరు రాత్రి పాడైందనుకోండి. రెండు గంటలకోసారి రీడింగు రాయాలి. గడి ఖాళీగా ఉంటే పొద్దున మేనేజరు కేకలేస్తాడు. పై గడిలో ఉన్న అంకెనే కాస్త అటూ ఇటూ మార్చి రాసేస్తే ఎవరికీ తెలియదు. కర్మాగారాలు తమ ఉద్గారాలకు సరిపడా అనుమతులు కొని చూపవలసిన ఐరోపా ఉద్గారాల వ్యాపార విధానంలో, ఇలా డేటా లేని ఖాళీలు ఏర్పడినప్పుడు ఉద్గారాలను తక్కువ చేసి చూపని అంచనాతో వాటిని పూరించి, ఆ పద్ధతిని రాసి ఉంచాలని స్పష్టంగా చెప్పారు. అంటే మీటర్లు పాడవుతాయని చట్టానికే తెలుసు. ఆ రాత్రి షిఫ్టులో ఉన్న ఆపరేటరు "మీటరు పనిచేయలేదు, ఇది అంచనా, దీని ఆధారం ఇది" అని రాసి సంతకం పెట్టగలగాలి. పెట్టాక పొద్దున అతని మీద ఎవరూ కేకలేయకూడదు.