చిప్పింగ్ మిషన్ గారి దివ్య సముఖమునకు

అయ్యా,

బ్రహ్మోత్సవాలు దగ్గరపడుతున్నాయి. తిరుపతి బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల వాళ్లకు ఉన్నట్టుండి బాత్రూముల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పాత టైల్స్ పీకాలి, కొత్తవి వేయాలి. దడదడా అదురుతూ టైల్స్ పగలగొట్టే తమరికి చేతినిండా పని. తమరికి చేతుల్లేవు కదా అంటారా, మావే వాడుకుంటున్నారుగా.

తమరి వైభోగం చూస్తే కళ్లు కుడతాయి. అద్దెకిచ్చే షాపాయన తమరిని అప్పగిస్తూ ఎన్ని జాగ్రత్తలు చెబుతాడో! వేడెక్కితే ఆపండి, కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్పించండి, గ్రీజు చూసుకోండి. తమరి ఒళ్లు కాస్త కాలితే సైటంతా ఆగుతుంది. పట్టుకున్నవాడి వేళ్లు తిమ్మిరెక్కాయంటే మాత్రం ‘టీ తాగి రా, అదే పోతుంది’ అంటారు.

పోవట్లేదయ్యా. మాలో ఒక పెద్దాయన ఉన్నాడు. చలికాలం పొద్దున్నే తొట్టిలో చెయ్యి పెట్టాడంటే వేళ్ల కొసలు పాలిపోయి తెల్లబడతాయి. కాసేపటికి ఎర్రబడి ఒకటే మంట. చొక్కా గుండీ పెట్టడానికి పక్కవాణ్ణి పిలుస్తాడు. జేబులో తగిలింది రూపాయి బిళ్లో రెండ్రూపాయల బిళ్లో బయటికి తీసి చూస్తేగానీ తెలీదు. వీధి చివర డాక్టరు నరాల బలహీనతని బీ కాంప్లెక్స్ సూది వేశాడు. ఏం పని చేస్తావని అడగనేలేదు. చీటీలో తమరి పేరెక్కలేదు, అదృష్టవంతులు.

తమరి వంశం సంగతి కొత్తదేం కాదు. 1918లో అమెరికాలో ఇండియానా సున్నపురాయి క్వారీల్లో గాలి ఒత్తిడితో కొట్టే సుత్తులు పట్టేవాళ్ల వేళ్లు ఇలాగే తెల్లబడుతున్నాయని ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ వెళ్లి చూసి రాసింది. ఆ కబురు మన కుప్పం గ్రానైట్ క్వారీల్లో ఎంతమందికి చేరిందో అడగండి.

యూరప్‌లో తమరి అదురుకు లెక్క కట్టారు. 8 గంటల పనిదినానికి లెక్కేస్తే అదురు తీవ్రత (దాన్ని సెకండ్ స్క్వేరుకు ఇన్ని మీటర్లని కొలుస్తారు) 2.5 దాటినప్పుడు యజమాని తగ్గించే దారి చూడాలి, 5 దాటనే కూడదు. తమరు 10 చొప్పున అదిరే రకమైతే మొదటి గీత అరగంటకే వచ్చేస్తుంది, రెండోది 2 గంటలకు. దర్శనం టోకెన్ల కంటే తొందరగా అయిపోయే కోటా ఇది. మేమేమో పొద్దు గూకేదాకా పట్టుకునే ఉంటాం.

ఉలి మొద్దుబారితే పని సాగదు, తమరిని ఇంకా గట్టిగా నొక్కి ఇంకా ఎక్కువసేపు పట్టుకోవాలి. సాన పట్టిద్దామంటే ‘ఈ గది అయిపోనీ’ అంటాడు మేస్త్రి. నలుగురం వంతులేసుకుంటే మేలే, కానీ చెయ్యి తిరిగినవాడని ఒక్కడికే అంటగడతారు. గ్లౌజులు చలిని ఆపుతాయి, తమరి అదురును ఆపుతాయని నమ్మకం పెట్టుకోలేం. ఇక ఏ కాస్త ఖాళీ దొరికినా బీడీ వెలిగిస్తాం, అది రక్తనాళాలను ఇంకాస్త బిగిస్తుంది. ఈ ఒక్కదానికీ తమరిని తిట్టలేను.

తమరికి ఇచ్చే విశ్రాంతే ప్రస్తుతానికి మాకూ విశ్రాంతి. అందుకని ఒకటే విన్నపం: రేపటి నుంచి అరగంటకోసారి వేడెక్కండి. షాపాయనకు మేం చెప్పుకుంటాం.

ఇట్లు,
తమరిని మోసేవాడు, తిరుపతి