పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి కాల్ కలవకపోతే తప్పు ఎవరిది?

పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ నది ఒక్కటే అడ్డు. ఫోన్ లైసెన్సులిచ్చే ప్రాంతాల, అంటే సర్కిళ్ల లెక్కలో మాత్రం ఒకటి ఒడిశా సర్కిల్, రెండోది ఆంధ్రప్రదేశ్ సర్కిల్. అందుకే ఏటి అవతలి వియ్యంకుడికి చేసే కాల్ కూడా లైసెన్సు ప్రకారం నేషనల్ లాంగ్ డిస్టెన్స్, అంటే ఎన్‌ఎల్‌డీ కాల్. బిల్లులో ఎస్టీడీ మాయమైంది గానీ నెట్‌వర్క్‌లో మాయం కాలేదు. సాయంత్రం పూట కాల్ కలవకపోతే అందరూ టవర్‌ని తిడతారు. చాలాసార్లు ఆ తిట్లు టవర్‌కి తగలాల్సినవి కావు.

పర్లాకిమిడిలో నంబరు నొక్కగానే ఒడిశా స్విచ్, అంటే కాల్స్‌కి దారి చూపే యంత్రం, ముందు ఏ నంబరు ఏ కంపెనీలో ఉందో చెప్పే పోర్టబిలిటీ డేటాబేస్ చూస్తుంది. 2015 జులై నుంచి ఏ నంబరునైనా ఏ సర్కిల్‌కైనా మార్చుకోవచ్చు కాబట్టి, మొదటి అంకెలను బట్టి అది ఎవరిదో చెప్పలేం. ఆ తర్వాత కాల్ ఎన్‌ఎల్‌డీ స్విచ్ ఎక్కి రెండో సర్కిల్‌కి చేరుతుంది. అక్కడ అవతలి కంపెనీ నెట్‌వర్క్‌తో కలిసే చోటుని పాయింట్ ఆఫ్ ఇంటర్‌కనెక్షన్, పొట్టిగా పీఓఐ అంటారు. ఇవి సాధారణంగా పెద్ద స్విచ్‌లున్న నగరాల్లోనే ఉంటాయి. ఏరు దాటడానికి వందల కిలోమీటర్లు చుట్టి రావాలన్నమాట. ఆ చుట్టుతిరుగుడుతో నష్టమేమీ లేదు, ఫైబర్‌లో అది కొన్ని మిల్లీసెకన్ల పని. చిక్కంతా పీఓఐ దగ్గరే.

పాత పద్ధతి పీఓఐలో లెక్కంతా ఈ1 అనే లింకుల్లో ఉంటుంది. ఒక్కో ఈ1 వేగం 2.048 ఎంబీపీఎస్, దానిలో ఒకేసారి సుమారు 30 కాల్స్ పడతాయి. రెండొందల కాల్స్‌లో ఒకటి మించి తిరిగిపోకూడదన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన 0.5 శాతం ప్రమాణం. ఆ ప్రమాణం నిలబడాలంటే 30 చానళ్ల మీద రద్దీ గంటలో సగటున ఒకేసారి 19 కాల్స్ మాత్రమే నడవాలి. రద్దీ 25కి పెరిగిందనుకోండి, చానళ్లు ఇంకా ఐదు ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ప్రతి ఇరవై కాల్స్‌లో ఒకటి తిరిగిపోతుంది. రద్దీ మూడో వంతు కూడా పెరగకముందే వైఫల్యం పది రెట్లయింది. పండగకో పెళ్లిళ్ల సీజన్‌కో ఉన్నట్టుండి లైన్లు దొరక్కపోవడం వెనక ఉన్నది ఈ గణితమే.

మరి పీఓఐలో ఈ లింకులు తగిలించే పోర్టులు ఎందుకు పెంచరు? ఒకప్పుడు కాల్ అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంత అని టెర్మినేషన్ చార్జీ దక్కేది. 2015లో 14 పైసలు, 2017 అక్టోబరు నుంచి 6 పైసలు, 2021 జనవరి 1 నుంచి సున్నా. సున్నా చేయడం సరైనదే, కంపెనీల మధ్య బాకీల లెక్కలు పోయాయి. కానీ ఎదుటివాడి కాల్ అందుకోవడానికి సొంత డబ్బుతో పోర్టు పెంచే ఉత్సాహం కూడా దానితోనే పోయింది. చార్జీ ఉన్న రోజుల్లోనే 2016లో జియోకి చాలినన్ని పీఓఐలు ఇవ్వలేదని మూడు కంపెనీల మీద 3,050 కోట్ల జరిమానాకి ట్రాయ్ సిఫారసు చేసింది. చార్జీ లేని రోజుల్లో నిఘా ఇంకా గట్టిగా ఉండాలి కదా?

విదేశీ కాల్స్‌కి మాత్రం చార్జీ ఇంకా ఉంది, 2020 నుంచి నిమిషానికి 35 నుంచి 65 పైసలు. దేశీ కాల్‌కి సున్నా, విదేశీ కాల్‌కి అర్ధ రూపాయి అయితే మధ్యలో సిమ్‌బాక్సువాడు పుడతాడు, అంటే విదేశీ కాల్‌ని ఇంటర్నెట్‌లో తెచ్చి, ఇక్కడి సిమ్‌ల మీదుగా దేశీ కాల్‌లా పంపేవాడు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు కాల్ చేస్తే తెర మీద ఎవరిదో +91 నంబరు పడి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తే ఆ కాల్ దొంగదారిన వచ్చిందని అనుమానించాలి. ఇంటర్నెట్‌లో ఒకసారి, సిమ్ దగ్గర మరోసారి కుదింపుకి గురై గొంతు అలా అవుతుంది.

వాట్సాప్ కాల్‌కి పీఓఐతో పని లేదు. యాప్‌లోంచి మామూలు ఫోన్ నంబరుకి చేసే ఇంటర్నెట్ టెలిఫోనీ కాల్ మాత్రం చివరికి ఆ గుమ్మం తొక్కాల్సిందే. పీఓఐలనే ఐపీలోకి, అంటే ఇంటర్నెట్ పద్ధతిలోకి మారిస్తే 30ల లెక్క పోతుంది, కానీ బ్యాండ్‌విడ్త్ లెక్క వస్తుంది. కుదించని ఒక్కో కాల్‌కి, ప్రతి డేటా ప్యాకెట్ ముందుండే చిరునామా సమాచారంతో (శీర్షికలతో) కలిపి ఒక్కో దిశలో 80 కేబీపీఎస్ పైనే కావాలి. నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో మాట నడిచే ద్వారాలు (వీటినీ పోర్టులనే అంటారు) సరిగా తెరవకపోతే కాల్ కలుస్తుంది గానీ ఒకరి మాటే వినిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఓ దారి ఉంది. కదలకుండా, అదే నిమిషాల్లో నాలుగు కాల్స్ చేయండి: ఒడిశాలో మీ కంపెనీ నంబరుకి, ఒడిశాలోనే వేరే కంపెనీకి, ఆంధ్రాలో మీ కంపెనీకి, ఆంధ్రాలో వేరే కంపెనీకి. మొదటిదే కలవకపోతే తప్పు టవర్‌దో మీ స్విచ్‌దో. మూడోదీ నాలుగోదీ పోతే ఎన్‌ఎల్‌డీ మార్గానిది. నాలుగోది ఒక్కటే, అదీ రెండు మూడు నంబర్లకి పోతుంటే, ఆంధ్రా వైపు పీఓఐలో ఇరుకు ఉన్నట్టు. ఫిర్యాదులో 'సిగ్నల్ లేదు' అని రాస్తే వాళ్లు టవర్ చూసి మూసేస్తారు. తేదీ, నిమిషంతో సహా సమయం, రెండు నంబర్లు, వినిపించిన సందేశం రాయండి, ఫిర్యాదు నమోదైన డాకెట్ నంబరు తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అథారిటీకి వెళ్లొచ్చు. స్విచ్ రికార్డులో ఆ కాల్ ఎదుట 34 అనే కారణ సంకేతం ఉంటే సర్క్యూట్ ఖాళీ లేదని అర్థం. 17 అయితే అవతలివాళ్లు నిజంగానే వేరే కాల్‌లో ఉన్నట్టు.