ఇచ్ఛాపురం అవతలి తెలుగు పిల్లలకు ఏ విశ్వవిద్యాలయం తలుపు తెరిచి ఉంది?

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ. దాని ఫలితాలు ఇటీవలి సంవత్సరాల్లో జూలైలో వస్తున్నాయి. అవి వచ్చిన వారం పది రోజులకు ఇచ్ఛాపురం సరిహద్దు అవతల, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. మార్కులు బాగానే వచ్చాయి, సీటు కబురు ఇంకా రాలేదేమిటి అని. ఆ కబురు ఎప్పటికీ రాదు. పరీక్ష పెట్టేది జాతీయ పరీక్షల సంస్థ, సీట్లు ఇచ్చేది విశ్వవిద్యాలయాలు. ఢిల్లీకి వేరే దరఖాస్తు, హైదరాబాద్‌కు వేరే, బనారస్‌కు వేరే. ఢిల్లీ విశ్వవిద్యాలయమైతే ఫలితాలు రాకముందే తన నమోదు మొదలుపెడుతుంది. పరీక్ష రాయడమే దరఖాస్తు అనుకున్న పిల్లలకు సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. చదువు రాక సీటు పోతే అది ఒక రకం బాధ. చదివి, రాసి, మార్కులు తెచ్చుకుని కూడా రెండో దరఖాస్తు ఉందని ఎవరూ చెప్పకపోవడం వల్ల పోతే, దాన్ని ఆ పిల్లల తప్పు అనడానికి నాకు నోరు రాదు.

ఒడిశాలోని తెలుగువారికి ఈ సమాచారం అందకపోవడానికి చరిత్రలో కారణం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు రాష్ట్రం నుంచి అటు వెళ్లాయి. మనుషులు కదలలేదు, రాష్ట్రం మారింది. 2011 జనగణనలో ఒడిశాలో తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నవారు ఆరు లక్షలకు పైనే. వీళ్లు చూసే వార్తా చానళ్లు విజయవాడ, హైదరాబాద్‌లవి. అక్కడి కౌన్సెలింగ్ తేదీలు వీళ్లకు నోటికి వస్తాయి, కానీ ఆ కౌన్సెలింగ్‌లో వీళ్ల పిల్లలకు చోటు లేదు. తమకు పనికివచ్చే తేదీలు ఒడియా పత్రికల్లో, ఇంగ్లీషు వెబ్‌సైట్లలో ఉంటాయి. తండ్రి ఒక భాషలో వార్తలు వింటాడు, కూతురు ఇంకో భాషలో దరఖాస్తు నింపాలి.

ప్లస్ టూ, అంటే ఇంటర్, అయిన పిల్లల ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఒడిశా ప్రభుత్వ ఉమ్మడి ప్రవేశ విధానం, అందరూ శామ్స్ అంటారు. 2009లో జూనియర్ కళాశాలలతో మొదలై, ఇప్పుడు ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, ప్రవేశాలకూ అదే ఆధారం. ఒకే దరఖాస్తు, దానిలో కళాశాలల ప్రాధాన్య క్రమం, మార్కుల ప్రకారం ఎంపిక. దీని గురించి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. మన పిల్లలు ఎక్కువమంది చేరేది ఈ దారిలోనే, చేరి బాగానే చదువుతున్నారు. చిక్కల్లా కాగితాల్లో వస్తుంది. ఇంటి పేరు ముందు రాసుకునే అలవాటు మనది, చివర రాసే పద్ధతి బడిది. ఒడియా ఉచ్చారణను బట్టి ఇంగ్లీషులో రాసినప్పుడు వెంకటరావు బెంకట రావు అవుతాడు. మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒక రూపం, ఆధార్‌లో మరొకటి. పదో తరగతిలోనే సరిచేయించుకోకపోతే, ప్రతి దరఖాస్తులోనూ ఆ అక్షరం అడ్డుపడుతుంది.

రెండోది ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాలు. తల్లిదండ్రుల మనసు అక్కడే ఉంటుంది. ఇచ్ఛాపురం బరంపురానికి పాతిక కిలోమీటర్ల చేరువ. విశాఖలో మేనమామో పెద్దనాన్నో ఉంటారు. కానీ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. స్థానికత అంటే, సాధారణంగా, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండటం. మిగిలిన 15 శాతానికీ రాష్ట్రంలో తల్లిదండ్రులు పదేళ్లు నివసించి ఉండటం వంటి షరతులున్నాయి. పర్లాకిమిడిలో పుట్టి, తెలుగు మాట్లాడి, తెలుగు చదివిన పిల్ల ఆ లెక్కలో ఎక్కడా రాదు. కులం విషయమూ అంతే. సవరలు సరిహద్దుకు రెండు వైపులా షెడ్యూల్డు తెగే. అయినా ఒడిశా తహసీల్ ఆఫీసు ఇచ్చిన పత్రం ఆంధ్ర రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రిజర్వేషన్‌కు చెల్లదు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా మరో రాష్ట్రానికి తనంతట తాను వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. బొంబాయిలో వైద్య కళాశాల సీటు కోరిన ఒక తెలుగు విద్యార్థి కేసు అది. మహారాష్ట్ర వైపు సిరొంచ, చంద్రపూర్ ప్రాంతాల్లోనూ ఇదే కథ. తెలంగాణలో ఎస్టీ అయిన లంబాడీలు నది దాటితే విముక్త జాతుల జాబితాలో ఉంటారు.

ఆ రాష్ట్రపతి ఉత్తర్వును నేను తప్పు పట్టడం లేదు. 1969 ప్రత్యేక తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత, వెనుకబడిన ప్రాంతాల పిల్లల సీట్లను కాపాడటానికి వచ్చిన ఏర్పాటు అది. ఆ 85లో ఒక్క సీటూ తగ్గించకూడదు. నేను అడిగేది వేరు. ఉన్న సీట్లకు అదనంగా, ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు కొన్ని సీట్లు సృష్టించడానికి అడ్డేమిటి? అదనపు సీట్లు అనేది కొత్త ఆలోచన కాదు. విదేశీ విద్యార్థుల కోసం ఉన్న సీట్లకు పైన 25 శాతం వరకు అదనంగా ఇవ్వవచ్చని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2022లో అనుమతించింది. సముద్రాలు దాటి వచ్చే విద్యార్థికి చోటు చూపగలిగినవాళ్లు బాహుదా నది దాటి వచ్చే పిల్లకు చూపలేరా?

ఈ మాట అడిగే హక్కు సరిహద్దు జిల్లాలకు, అందులోనూ కోరాపుట్‌కు, ప్రత్యేకంగా ఉంది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, పుట్టినప్పుడు గంజాం దాని పరిధిలోనే ఉంది. బరంపురం, పర్లాకిమిడి కళాశాలలు 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చేదాకా దానికి అనుబంధంగా నడిచాయి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో ఊహించండి. అక్కడి సైన్స్, టెక్నాలజీ కళాశాలకు జయపురం పేరే పెట్టారు. జయపురం ఇప్పుడు కోరాపుట్ జిల్లాలో ఉంది. ఆ ఊరి రైతుల శిస్తుతో కట్టిన ప్రయోగశాలలో ఆ ఊరి పిల్ల స్థానికేతరురాలు కూడా కాదు, అసలు జాబితాలోనే లేదు. వందేళ్ల పండుగ చేసుకునే విశ్వవిద్యాలయం ఈ బాకీని గుర్తుచేసుకుంటే బాగుంటుంది. జయపురం పేరుతో ఒక పాతిక సీట్లు అదనంగా పెట్టడం దానికి భారం కాదు. ప్రభుత్వం ఒప్పుకోవాలి, నిజమే. కానీ ముందుగా విశ్వవిద్యాలయం నోరు తెరిచి అడగాలి కదా.

అది జరిగేదాకా, ఉన్నవాటిలో మూడో దారే విశాలమైనది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో వచ్చింది ఆ ఉద్యమాల తర్వాత కుదిరిన 1973 నాటి ఆరు సూత్రాల పథకం ఫలితంగానే. రాజ్యాంగ 32వ సవరణ రెండు అధికరణాలను పక్కపక్కనే చేర్చింది. 371డి స్థానికతకు దారి వేసింది, 371ఇ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయానికి. అంటే ఉస్మానియాలో చోటు దొరకని రాయగడ పిల్లవాడు, అదే నగరంలో గచ్చిబౌలి ప్రాంగణంలో అందరితో సమానంగా పోటీ పడవచ్చు. అక్కడ ఏ రాష్ట్రంవాడివని అడిగి సీటు ఆపరు. ఇంత మంచి అవకాశం గురించి మా ప్రాంతంలో ఎంతమంది ప్లస్ టూ అధ్యాపకులు తరగతిలో చెబుతున్నారు?

2022 నుంచి ఈ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ ఆధారమైంది. 2025లో విద్యార్థి గరిష్ఠంగా ఐదు సబ్జెక్టులు ఎంచుకోవాలన్న నియమం వచ్చింది. ఒక్కో పేపరు గంట, యాభై ప్రశ్నలు, సరైన జవాబుకు ఐదు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఇంతవరకు అందరికీ తెలుసు. సరిహద్దు పిల్లలు చిక్కుకునేది భాష దగ్గర. పరీక్ష పదమూడు భాషల్లో ఉంటుంది, తెలుగు, ఒడియా రెండూ వాటిలో ఉన్నాయి. కానీ దరఖాస్తులో భాషకు సంబంధించిన ఎంపికలు రెండు. ఏ భాషను సబ్జెక్టుగా రాస్తారు, మిగతా పేపర్లను ఏ మాధ్యమంలో రాస్తారు. ఈ రెంటినీ ఒకటిగా భావించి, ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా అని మాధ్యమం దగ్గరా తెలుగు గడినే నొక్కేవాళ్లున్నారు. ప్లస్ టూలో జీవశాస్త్రం ఇంగ్లీషులో చదివిన పిల్లకు పరీక్షలో కిరణజన్య సంయోగక్రియ అని కనిపిస్తే, అది తాను చదివిన ఫొటోసింథసిసే అని తేల్చుకోవడానికే సమయం పోతుంది. నా సలహా స్పష్టం. ప్లస్ టూలో భాషా పత్రంగా తెలుగు తీసుకున్నవాళ్లు సీయూఈటీలో భాషా సబ్జెక్టుగా తెలుగు ధైర్యంగా రాయాలి. ఢిల్లీలో ఎక్కువ కోర్సులకు ఆ పదమూడింటిలో ఏ భాష అయినా చెల్లుతుంది. మిగతా పేపర్ల మాధ్యమం మాత్రం తరగతి గదిలో విన్న భాషే ఉండాలి. ఇంకొకటి, ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్లస్ టూలో చదివిన సబ్జెక్టుల్లోనే పరీక్ష రాయాలంటుంది. సులువుగా ఉంటుందని వేరే సబ్జెక్టు ఎంచుకుంటే అక్కడ ఆ మార్కులకు విలువ లేదు.

కులం గడి అంతకంటే ముఖ్యం. ఒడిశాలో సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు రాష్ట్ర ఉన్నత విద్యా ప్రవేశాల్లో 11.25 శాతం రిజర్వేషన్ వచ్చింది 2025లో. అప్పటిదాకా కాలేజీ సీటు కోసం కులపత్రం తీయించుకోవాల్సిన అవసరం మా బీసీ కుటుంబాలకు పెద్దగా రాలేదు. అందుకే కేంద్ర దరఖాస్తులోనూ జనరల్ గడి నొక్కి ముందుకు పోతున్నారు. 2025లో మూడు సబ్జెక్టుల వరకు రుసుము జనరల్‌కు 1000 రూపాయలు, ఓబీసీకి 900. వంద రూపాయల తేడా కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు అనుకుంటారు. ఆ గడితో పోయేది వంద రూపాయలు కాదు, 27 శాతం సీట్లలో తమ పోటీ. రాష్ట్ర పత్రం వేరు, కేంద్ర ఓబీసీ పత్రం వేరు. ఢిల్లీ వంటి చోట్ల అది ఆ ఏడాది మార్చి 31 తర్వాత ఇచ్చినదై ఉండాలి. ఆంధ్రలో బీసీ అయిన కులం ఒడిశా పేరు కింద కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి, ఆ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది కనుక.

సీటు వచ్చాక కూడా ప్రమాదం ఉంది. ఢిల్లీ కేటాయింపులో వచ్చిన సీటును గడువులోగా అంగీకరించకపోతే, ఆ తర్వాతి విడతల్లోనూ చోటు ఉండదు. అంత దూరం ఆడపిల్లను పంపాలా అని ఇంట్లో మూడు రోజులు ఆలోచిస్తే సీటు పోతుంది. ఆ ఆలోచన మార్చిలో జరగాలి. పైగా దరఖాస్తు నింపింది ఆన్‌లైన్ సెంటరు కుర్రవాడు, అందులో ఉన్నది అతని ఫోను నంబరు. కేటాయింపు సందేశం అతనికి వెళ్తుంది, ఆ పూట అతను కొట్టు మూసి పెళ్లికి వెళ్లి ఉండవచ్చు.

ఇవేవీ పెద్ద ఖర్చుతో తీరేవి కావు. సరిహద్దు పట్టణాల్లో తెలుగు సంఘాలు చాలా ఉన్నాయి. ఉగాదికి పందిరి వేస్తాయి, కవులకు శాలువాలు కప్పుతాయి, వనభోజనాలు పెడతాయి. తెలుగు నిలబడటానికి అవీ కావాలి. అదే సంఘం భవనంలో ఒక గదిలో మార్చి నుంచి ఆగస్టు దాకా ఒక కంప్యూటర్, ప్రింటర్ పెట్టి, ఇప్పటికే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక పిల్లనో పిల్లవాడినో సెలవుల్లో జీతమిచ్చి కూర్చోబెట్టాలి. గోడ మీద మూడే కాగితాలు అంటించాలి. సీయూఈటీ నమోదు గడువు, ప్రతి విశ్వవిద్యాలయం సొంత దరఖాస్తు గడువు, తహసీల్ పత్రాలకు పెట్టుకోవాల్సిన ఆఖరి తేదీ. దరఖాస్తులో విద్యార్థి సొంత నంబరు, సొంత ఈమెయిలు తప్ప మరొకటి రాయనివ్వకూడదు. వచ్చే మార్చికి ఈ పని బరంపురంలో ఒక్కచోట మొదలైనా, గుణుపురం, రాయగడ వాళ్లు వచ్చి చూసి తమ ఊళ్లలో పెట్టుకుంటారు.