ఆ పేర్లన్నీ నావేనండీ

మొన్న శుక్రవారం మా టౌన్‌హౌస్ క్లోజింగ్ అయింది, అంటే ఆఖరి సంతకాలు పెట్టి ఇల్లు మా చేతికి తీసుకున్నాం. ఫోన్ చేసినవాళ్లందరూ కంగ్రాట్స్ చెప్పి, గృహప్రవేశం ఎప్పుడని అడుగుతున్నారు. నా కుడిచెయ్యి ఎలా ఉందని మాత్రం ఒక్కరూ అడగట్లేదు. అందుకే నేనే చెబుతున్నా.

ముందు ఊరి సంగతి గబగబా కానిచ్చేస్తాను. న్యూజెర్సీలో నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలు లైను మీద స్టేషన్ల చుట్టుపక్కల ఊళ్లంటే మనవాళ్లకి ఎంత మోజో తెలిసిందే. మెట్రోపార్క్, మెటచెన్, ఎడిసన్, ప్రిన్స్‌టన్ జంక్షన్. స్టేషన్ దగ్గరుండాలి, స్కూళ్లు బాగుండాలి, రైలు మారకుండా న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగాలి. ఇవన్నీ కావాలంటే విడి ఇల్లు మన జీతానికి అందదు కాబట్టి టౌన్‌హౌస్. అంటే అటు గోడ ఒకరితో ఉమ్మడి, ఇటు గోడ ఇంకొకరితో ఉమ్మడి, మధ్యలో మెట్లు మాత్రం పూర్తిగా మనవి. ఈ లైను మీద న్యూయార్క్ వెళ్లే ప్రతి రైలూ హడ్సన్ నది కింద 1910లో మొదలైన సొరంగాల్లోంచే దూరాలి. ఉన్నవి రెండే పట్టాలు, ఒకదాని మీద రైలు మొరాయించిందంటే ఆ రోజు ఆఫీసు సంగతి దేవుడెరుగు. ఈ ముక్క ఏ ఏజెంటూ చెప్పడు. "స్టేషన్‌కి నడిచి వెళ్లిపోవచ్చండీ" అంటాడు, తను మాత్రం కారు దిగడు.

ఇళ్లు చూడటం, ఆఫర్లు పెట్టడం, ఓడిపోవడం, అదంతా వదిలేస్తున్నా. మా ఆవిడ "ఇదే మన ఇల్లు" అన్న ఇళ్లన్నీ ఇప్పుడు వేరేవాళ్ల ఇళ్లు. చివరికి ఒకళ్లు మా ఆఫర్ ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారా అని ఇప్పటికీ నాకు అనుమానమే.

ఈ వ్యవహారం మొత్తం సంతకాలతోనే నడుస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన మార్పు ప్రకారం, ఏజెంటు ఇల్లు చూపించాలంటే ముందే అతనితో ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆఫర్‌కి సంతకం. న్యూజెర్సీలో లాయర్లు కాంట్రాక్టుని తిరగేయడానికి 3 పనిదినాలు ఇస్తారు, ఆ మార్పులకి మళ్లీ సంతకం. ఇన్‌స్పెక్షన్‌కి, నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ వాయువు పరీక్షకి, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలకి కూడా. కానీ అవన్నీ ఫోన్‌లోనే. పేరు ఒకసారి టైప్ చేస్తే అదే ముత్యాల్లాంటి వంకర అక్షరాలతో సంతకం తయారుచేసి పెడుతుంది, పసుపు గడి కనిపించిన చోటల్లా నొక్కుకుంటూ పోవడమే. హెచ్‌ఓఏ పుస్తకం మొత్తాన్ని నేను రైల్లో కడ్డీ పట్టుకుని నిలబడి ఒప్పేసుకున్నాను. తలుపుకి సొంత రంగు వేయకూడదని అందులో ఉందట.

సంతకం పెన్నుతో కూడా పెడతారన్న సంగతి క్లోజింగ్ రోజున గుర్తుచేశారు.

ఇంటి హక్కుల కాగితాలు సరిచూసే టైటిల్ కంపెనీ ఆఫీసులో పొడుగాటి బల్ల, మధ్యలో పిప్పరమెంట్ల గిన్నె, పక్కన నీలం పెన్నుల కట్ట. ఎదురుగా గొలుసు కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, ఆవిడ ముందు కాగితాల దొంతర. అక్కడ ఇండియాలో అర్ధరాత్రి దాటినా నాన్నగారు వీడియో కాల్‌లో ఉన్నారు. కొడుకు మొదటి ఇల్లు కొంటుంటే చూడకపోతే ఎలా అని. ఫోన్‌ని పిప్పరమెంట్ల గిన్నెకి ఆనించి నిలబెట్టాం. ఆయన ముఖంలో సగం, సీలింగ్ ఫ్యాను మొత్తం కనిపిస్తున్నాయి.

మొదటి కాగితం మీద నా సంతకం పెట్టాను. ఎస్సెస్సీ హాల్ టికెట్‌తో మొదలైన సంతకం అది. వి అని మొదలెట్టి ఒక గీత లాగి కింద రెండు చుక్కలు పెడతాను. బ్యాంకులు ఒప్పుకున్నాయి, పాస్‌పోర్టువాళ్లు ఒప్పుకున్నారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఇందులో పేరెక్కడుంది?" అంది.

కాగితం మీద పేరు ఎలా అచ్చయిందో అలాగే, పూర్తిగా, ప్రతి సంతకంలోనూ రాయాలట. లోన్ కంపెనీ షరతట. నా పేరు వెంకట నాగ సత్య శ్రీనివాసరావు. ఇంటిపేరు ఇక్కడ ఎందుకులెండి, దానికి ఇంకో పంక్తి కావాలి. అది కాకుండానే ఇంగ్లిష్‌లో 28 అక్షరాలు. మా ఆవిడ పేరు నాలుగు. ప్రతి కాగితం తను టక్కున పూర్తిచేసి, నేను "సత్య" దాకా వచ్చేలోపు ఒక పిప్పరమెంటు నోట్లో వేసుకుని, రేపర్‌తో పడవ చేసి నా మోచేతి పక్కన పెట్టేది. చివరికి అక్కడొక రేవు తయారైంది.

మధ్యలో క్లోజింగ్ డిస్‌క్లోజర్ అనే లోన్ లెక్కల కాగితం 5వ పేజీ వచ్చింది. ఈ కాగితం క్లోజింగ్‌కి 3 పనిదినాల ముందే మన చేతికి రావాలని రూలు, వచ్చింది కూడా. 5వ పేజీలో "టోటల్ ఆఫ్ పేమెంట్స్" అని ఒక అంకె ఉంటుంది. 30 ఏళ్లు వాయిదాలన్నీ కడితే మొత్తం ఎంతవుతుందో అది. పెద్దావిడ దాన్ని పైకి చదివింది. నాన్నగారు ఫ్యాను కిందనుంచి ముందుకి వంగి, "అంటే ఒక ఇల్లు మీకు, ఇంకోటి బ్యాంకువాడికి కొనిపెడుతున్నావన్నమాట" అన్నారు. కాదనడానికి నా దగ్గర పాయింటేమీ లేదు.

"ఇక మీ పేర్లు చూద్దాం" అంది పెద్దావిడ. నాకున్నది ఒక్క పేరే కదా అనుకున్నాను.

అదొక అఫిడవిట్. లోన్ ఇచ్చేవాళ్లు మన అప్పుల చిట్టా దాచిపెట్టే మూడు క్రెడిట్ బ్యూరోల నుంచి మన జాతకం తెప్పిస్తారు. మనం ఈ దేశంలో దిగినప్పటినుంచి ఫోన్ కనెక్షన్‌కో, అద్దె ఇంటికో, క్రెడిట్ కార్డుకో ఎవరెవరు మన పేరుని ఎలా ఎలా కొట్టారో అన్నీ అందులో భద్రంగా ఉంటాయి. వాటన్నింటినీ ఒక జాబితాగా వేసి, ఈ మనుషులందరూ నేనేనని నోటరీ ఎదుట ప్రమాణం చేయమంటారు. ఎవడో నిద్రమత్తులో కొట్టిన పేరుకి వాడు కాదు, నేను ప్రమాణం చెయ్యాలి. పైగా ఒక్కో పేరు పక్కన ఆ పేరుతోనే సంతకం పెట్టాలి.

"వెంకట ఎన్. ఎస్. మీరేనా?"

నేనే.

"ఎఫ్‌ఎన్‌యూ వెంకట నాగ?"

ఇది తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో పేరంతా పట్టుకెళ్లి ఇంటిపేరు గడిలో పడేసి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని కొడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. వచ్చిన కొత్తలో మందుల షాపులో నన్ను "ఫ్నూ" అని పిలిచేవాళ్లు, నేను పలికేవాణ్ని కూడా. నేనేనండీ.

"శ్రీనివాస రాయ్?"

ఎక్కడో రావుకి స్పెల్లింగ్ తిరగబడింది. ఆ లెక్కన కొన్నాళ్లు బెంగాలీగా కూడా బతికాను. నేనే.

"నాగా స్ట్యా?"

ఇక్కడ నాన్నగారు లేచారు. అంటే నిజంగానే కుర్చీలోంచి లేచారు, స్క్రీన్ మీద పంచె మాత్రమే కనిపిస్తోంది. "స్ట్యా ఏమిటిరా? అన్నవరంలో వ్రతం చేయించుకుని పెట్టిన పేరు. ఆవిడకి చెప్పు."

ఆవిడ ఆయనెవరని అడిగింది. ఈ పేర్లకి కారకులని చెప్పాను. దాంతో ఆవిడ పెన్ను కింద పెట్టి, మర్యాదగా ఫోన్ వైపు తిరిగింది. తప్పంతా అక్కడే జరిగింది. వినేవాళ్లు దొరికితే నాన్నగారు ఊరుకోరు. వెంకట అన్నది తిరుపతి మొక్కు. నాగ అన్నది సుబ్రహ్మణ్య షష్ఠి నాడు మా నానమ్మ పుట్టలో పాలు పోసి మొక్కుకున్నది. సత్య సంగతి ఆల్రెడీ వచ్చింది. శ్రీనివాస మా అమ్మమ్మ వైపువాళ్ల పట్టు. వెంకటేశ్వరుడూ శ్రీనివాసుడూ ఒకే స్వామి కదా, రెండుసార్లెందుకని అప్పట్లో ఇంట్లో పెద్ద చర్చే జరిగిందట. ఒక్కటి తీసేసినా రెండు కుటుంబాలకీ మాటల్లేకుండా పోయేవట. చివర్లో రావు ఎందుకంటే, ఉంటే నిండుగా ఉంటుందని. మా ఆవిడ ఇదంతా ఇంగ్లిష్‌లో చెబుతోంది, పుట్ట దగ్గర కాస్త తడబడింది. పెద్దావిడ "హౌ లవ్లీ" అంటోంది. నేను మణికట్టు నొక్కుకుంటున్నాను.

ఆ తర్వాత జాబితాలో చివరి పేరు. ఆవిడ చదివింది, ఆగింది, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"సేమ్ యాజ్ అబౌ?"

ఎవరూ మాట్లాడలేదు.

జరిగింది ఏమైయుంటుందో నేను ఊహించగలను. ఏ అద్దె ఇంటి ఫారంలోనో పేరు రెండుసార్లు అడిగారు. రెండో గడిలో, పైన రాసినదే అనే అర్థంలో "సేమ్ యాజ్ అబౌ" అని ఎవరో పుణ్యాత్ములు రాశారు. దాన్ని ఇంకో పుణ్యాత్ముడు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. బ్యూరో మహాశయులు దాన్ని మనిషి పేరుగా స్వీకరించి, ఇన్నేళ్లూ నా పక్కనే అతన్ని కూడా పెంచి పోషించారు. బహుశా అతని క్రెడిట్ స్కోరు నాకంటే బాగుండి ఉంటుంది.

దీన్ని కొట్టేయండి అన్నాను. కొట్టేయాలంటే లోన్ కంపెనీ ఒప్పుకోవాలంది. వాళ్లు ఒప్పుకోవాలంటే ఎవరో ఒకరు ఫోన్ ఎత్తాలి. శుక్రవారం సాయంత్రం అయింది, ఆఫీసులో ఎవరైనా ఉంటారో లేదో. లేకపోతే క్లోజింగ్ సోమవారానికి పోతుంది. అమ్మినవాళ్ల సామాన్ల లారీ వెళ్లిపోయింది, మాది బయల్దేరింది. పైగా వడ్డీ రేటు ఆ రోజు దాకానే లాక్ చేశాం.

"అతను మీరు కాదని కూడా రాయొచ్చు. కానీ అప్పుడు అతనెవరో వివరించాలి" అంది ఆవిడ, పూర్తి సీరియస్‌గా.

వివరించడం నా వల్ల కాదన్నాను. నేనే సేమ్ యాజ్ అబౌ అని ఒప్పుకున్నాను. ఆవిడ నా కుడిచెయ్యి పైకెత్తించి మరీ అడిగింది. ఔనని ప్రమాణం చేశాను.

ఇక సంతకం. సేమ్ మొదటి పేరు, యాజ్ మధ్య పేరు, అబౌ ఇంటిపేరు. అలవాటు కొద్దీ చివర కింద రెండు చుక్కలు పెట్టబోతే వద్దంది, అచ్చులో చుక్కల్లేవుగా అని. "అబౌ"లో చివరి అక్షరం స్పష్టంగా లేదని కొత్త కాగితం తీసింది. ఈలోగా మా ఆవిడ నవ్వాపుకోలేక తన కాగితం మీద నాలుగక్షరాల పేరుని ఏడక్షరాలు చేసింది, దానికీ కొత్త కాగితం. నాన్నగారు మాత్రం నవ్వలేదు. "ఆ పేరు ఎవరు పెట్టార్రా నీకు?" అని అడిగారు. గొంతులో నిజంగానే బాధ ఉంది.

నోటరీ ముద్ర దబ్బుమని పడింది. ఇంతకంటే విచిత్రమైన పేర్లు చాలా చూశానంది పెద్దావిడ. ఒక్కటైనా చెప్పమని బతిమాలాను. కస్టమర్ల వివరాలు బయటపెట్టకూడదంది.

బయటికొచ్చాక లోన్ ఆఫీసర్‌కి మెసేజ్ పెట్టాను. ఒకే బ్యాంకు స్టేట్‌మెంట్‌ని నాలుగో పేజీ ఖాళీగా ఉన్నా సరే పంపాల్సిందేనని పదేపదే అడిగిన మనిషి. మా బావమరిది పంపిన వంద డాలర్లకి సంజాయిషీ రాయించుకున్న మనిషి. ఆయన జవాబు: "అవునండీ, ఆ పేరు ప్రీ అప్రూవల్ నుంచీ ఫైల్లోనే ఉంది. నో ప్రాబ్లం." పక్కన ఒక బొటనవేలు బొమ్మ.

మర్నాడు పొద్దున్నే, సామాన్లు దింపుతుండగా నాన్నగారి ఫోన్. నిద్రపట్టలేదట.

"ఇంతకీ ఇల్లు ఏ పేరు మీద రిజిస్టరైందిరా?"

డీడ్ (ఇంటి దస్తావేజు) కౌంటీ ఆఫీసులో రికార్డయి రావాలి, టైం పడుతుందని చెప్పాను.

"రాగానే ఫోటో పెట్టు. పేరు నేను చూస్తాను, నువ్వు ముట్టుకోకు."