ఆదివారం అమావాస్యనాడు నిమ్మకాయల పంపకం

మా అమ్మకి నా ఫోనంటే పడదు. పొద్దున్నే కాఫీ తాగుతా "ఈరోజు ఫలానా దినం" అని చదివి వినిపించడం నా అలవాటు. దినం అనే మాట చెవిన పడగానే ఆమె చేతిలో పని ఆపేసి "ఎవరిదబ్బయ్యా?" అంటుంది. దినం కాదమ్మా, దినోత్సవం అని ఎన్నిసార్లు సర్దిచెప్పినా ప్రయోజనం లేదు. "దినానికైనా, ఉత్సవానికైనా వడలు చెయ్యాల్సింది నేనే గదా" అని వంటింట్లోనించి మా ఆవిడ.

నిజం చెప్పాలంటే క్యాలెండరులో ఖాళీ రోజంటూ మిగల్లేదు. సెప్టెంబరు 19 తీసుకోండి, ఓడదొంగల యాసలో మాట్లాడే రోజు. 1995 జూన్ 6న అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జాన్ బార్, మార్క్ సమ్మర్స్ అని ఇద్దరు స్నేహితులు రాకెట్‌బాల్ ఆడుతుంటే, నొప్పి పుట్టి ఒకాయన "ఆర్ర్ర్" అని అరిచాడంట. మనవాడైతే "అమ్మా" అనేవాడు, కథ అక్కడితో అయిపోయేది. ఆ అరుపు అచ్చం సినిమాల్లో ఓడదొంగ అరుపులా ఉందని ఇద్దరూ నవ్వుకుని, ఏడాదికొకరోజు లోకమంతా ఇట్టానే మాట్లాడాలని తీర్మానించేశారు. జూన్ 6 అంటే రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరాన సైనికులు దిగిన రోజు. ఆ రోజున వేళాకోళం బాగుండదని, సమ్మర్స్ తేలిగ్గా గుర్తుపెట్టుకోగలిగిన ఇంకో తేదీ వెతికారు. అది ఆయన మాజీ భార్య పుట్టినరోజు. 2002లో డేవ్ బారీ అనే హాస్య రచయిత పత్రికలో దాని గురించి రాసేదాకా, వాళ్ల నలుగురైదుగురికి తప్ప ఎవరికీ ఆ పండగ సంగతి తెలియదు.

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ఓడదొంగలు ఆమెకి పట్టలేదు. "వదిలేసిన పెళ్లాం పుట్టినరోజు గుర్తుంది చూడు ఆయనకి" అనింది. నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

ఇట్టాంటి సంగతులు ఓపిగ్గా వినేది మా వేదాయపాళెం వీధిలో ఎదురింటి లెక్కల మాస్టారొక్కరే. రిటైరై చాలా కాలమైంది. విని ఊరుకోరు, తప్పులు దిద్దుతారు. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో లారీ షా అనే ఆయన మార్చి 14న 'పై' దినోత్సవం మొదలుపెట్టాడు మాస్టారూ, వాళ్లు నెల ముందు రాస్తారు గదా, 3.14 అన్నమాట అన్నాను. "మనం తేదీ ముందు రాస్తామబ్బయ్యా. మనకి జులై 22. ఇరవై రెండు బై ఏడు. మనం బళ్లో చదివింది అదే" అన్నారు. అది కూడా కొందరు జరుపుకుంటారని తర్వాత చూశాను. ఆయనకి చెప్పలేదు.

ఇక అసలు సంగతి. 2021 ఆగస్టు మొదటి వారంలో పొదలకూరు దగ్గర తోటనించి మా బామ్మర్ది ఒక గోతం నిమ్మకాయలు పంపించాడు. ఎండాకాలంలో అడిగితే ఫోనెత్తడు. రేటు పడిపోయి కోతకూలి కూడా రానప్పుడు మాత్రం బావ గుర్తొస్తాడు. నాలుగు రోజులు వరసగా పులిహోర తిన్నాం. రెండు జాడీలు ఊరగాయ పెట్టారు. ఇత్తడి సామానంతా తోమారు. పప్పులో, చారులో, మజ్జిగలో, ఆఖరికి నా తలకి కూడా పిండారు. గోతం మాత్రం అంగుళం దిగలా. ఇరుగుపొరుగుకి ఇద్దామంటే వాళ్లకీ పొదలకూరులోనో గూడూరులోనో బామ్మర్దులుండారు. నెల్లూరు జిల్లాలో నిమ్మకాయ ఊరికే ఇస్తానంటే పుచ్చుకునేవాడు దొరకడం కష్టం.

సరిగ్గా అప్పుడే ఫోను నాకు దోవ చూపించింది. ఆగస్టు 8: పక్కింటివాళ్ల గుమ్మంలో చప్పుడు కాకుండా జుకినీ కాయలు పెట్టేసి వచ్చే రోజు. జుకినీ అంటే కీరదోసలాగా కనపడే గుమ్మడి జాతి కాయ. రెండు పాదులు వేస్తే ఇల్లంతా నిండిపోతుంది, ఇస్తామంటే ఎవరూ తలుపు తియ్యరు. కాబట్టి రాత్రిపూట అవతలివాళ్ల గుమ్మంలో పెట్టి జారుకోమని ఈ పండగ. పెట్టింది పెన్సిల్వేనియాలో థామస్ రాయ్ అనే ఆయన. ఆయనా, ఆయన భార్య రూత్ కలిసి ఇట్టాంటివి ఎనభై దాకా పుట్టించారు. ఫిబ్రవరి 20 మిట్టమధ్యాహ్నం వీధిలోకొచ్చి చేతులూపుతా "హూడీ హూ" అని అరిచి చలిని తరిమేసే రోజు కూడా వాళ్లదే. దీనికి ప్రభుత్వం జీవో అక్కర్లేదు. 1957లో మొదలైన 'ఛేజెస్ క్యాలెండర్' అనే లావుపాటి పుస్తకం ఒకటుంది. దాంట్లోకెక్కితే పండగే.

జుకినీ అయితేనేం, నిమ్మ అయితేనేం అనుకున్నాను. మాస్టారికి కూడా ముందురోజు ఈ కథంతా చెప్పాను, చేయబోయేది మాత్రం చెప్పలేదు. పంచాంగం చూడాలని తోచలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేచాను. కరోనా రోజులు కాబట్టి ముక్కుదాకా మాస్కు. గేటుకి ఐదేసి కాయలు. గుమ్మాల ముందు వాలుగా ఉంటుంది కదా, పెట్టిన కాయ పెట్టినట్టే మురిక్కాలవ వైపు పరుగు. అందుకని మా బాదం చెట్టుకింద రాలిన ఎర్రటాకులు ఏరుకొచ్చి, ఆకులో నాలుగు కాయలు చుట్టూ, ఒకటి మధ్యలో కుదురుగా పెట్టాను. చూడముచ్చటగా ఉన్నాయి. గోతం మీద ఎర్రసిరా అక్షరాలు తడికి ఊరి కాయలకి అంటుకున్న సంగతి ఆ చీకట్లో నాకెట్టా తెలుస్తుంది?

పదకొండిళ్లు పంచి వచ్చి పడుకున్నాను. ఆరింటికి కేక వినపడింది.

అది ఆషాఢ మాసం ఆఖరి రోజు. అమావాస్య. అందులోనూ ఆదివారం. పక్కింటి అత్తమ్మ కళ్లాపి బకెట్టు గేటు దగ్గర వదిలేసి లోపలికి పారిపోయింది. పాలబ్బాయి వీధి మలుపులోనే సైకిలు నిలిపేసి, చెంబులు తెచ్చుకుంటే అక్కడే పోస్తానన్నాడు. మూడో ఇంటి డ్రైవరన్న కారు బయటికి తియ్యనన్నాడు. మొన్న కొత్త కారు కొన్నప్పుడు చక్రాల కింద నాలుగు కాయలు పెట్టి తొక్కించింది ఆయనే. స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండగకి ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో రొట్టె కళ్లకద్దుకుని తినే ఊరు మాది. ఐదు నిమ్మకాయలు ఇంత పని చేస్తాయనుకోలేదు.

"కుంకం పూసుండాది అత్తా, చూడు." "ఆకులు కూడా నెత్తురు రంగే." "ఇంటికి ఐదంట! పంచభూతాలు."

తర్వాత ఎవరో లెక్కేసి, మా గేటు ముందు మాత్రం ఏమీ లేవని కనిపెట్టారు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. అమ్మ ఒక్కటే మాట అనింది: "మా ఇంటినిండా నిమ్మకాయలే గదమ్మా, ఇంక మాకెవరు పెడతారు?" అందరూ నిజమేనన్నట్టు తలూపారు. గోతంలోవి పులిహోర కాయలు, గేటు ముందువి వేరే కాయలు. ఆ రెండిటికీ చుట్టరికం ఉండొచ్చని ఒక్కరికీ తట్టలా. మా ఆవిడ మాత్రం ఎర్రబడ్డ నా వేళ్లకేసి ఒకసారి చూసి "పోయి సబ్బుతో చేతులు కడుక్కోండి" అనింది, నెమ్మదిగా.

అరగంటలో మొదటి చెంబు వచ్చింది. "అమ్మా, మీ ఇంట్లో కాయలుండాయంట గదా, దిష్టి తియ్యాల, మూడు ఇయ్యమ్మా." ఆ వెనక ఇంకొకరు: ఇంట్లో ఆరుగురు, తలకి మూడు, గుమ్మానికి రెండు. కార్లకి, స్కూటర్లకి, మేడ మీద అద్దెకున్నవాళ్లకి. అమ్మ గోతం ముందు కూర్చుని "తీసుకోండి, మొహమాటం వద్దు" అని దోసిళ్లతో పోసింది. పన్నెండింటికి గోతం దులిపితే రెండు ఆకులు రాలాయి. మధ్యాహ్నం మూడుదోవల దగ్గర కోసిన నిమ్మచెక్కలు చూసి ఆటోలు వెనక్కి తిరుగుతుండాయి.

మాస్టారి గేటు ముందు కాయలు మాత్రం పొద్దున్నే మాయమయ్యాయి. ఆయన దిష్టికి కాయలు కూడా అడగలేదు. సాయంత్రం అరుగుమీద మజ్జిగ తాగుతా "నిమ్మకాయ పిండితే రుచే వేరబ్బయ్యా" అన్నారు. నేను వాన సంగతి ఎత్తాను.

సోమవారం, శ్రావణం మొదటిరోజు. తెల్లారి అమ్మ గేటు తీసి కెవ్వుమనింది. పరుగెత్తుకెళ్లాను. మా గడపకెదురుగా, ఎర్రటి బాదం ఆకుల మధ్యలో, కుదురుగా, ఐదు కిలోలుండే బూడిదగుమ్మడికాయ. ఎదురింటి అరుగుమీద మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గాలి లేకపోయినా పేపరు వణుకుతోంది.