శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం
ఆల్కహాల్‌లో కలిపే నూనె శాతాన్ని బట్టి సెంట్లకు పట్టిక వేసిన మీ వ్యాసంలో, ‘ఓ డి టాయ్‌లెట్’ అనే పలుచని రకం కన్నా ‘ఓ డి పర్ఫ్యూమ్’ అనే చిక్కని రకంలో సుగంధ నూనెల శాతం ఎక్కువ కాబట్టి అదే ఎక్కువసేపు నిలుస్తుందని రాశారు. సగమే నిజం. ఓ డి టాయ్‌లెట్‌లో 5 నుంచి 15, ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం దాకా ఉంటాయంటారు, సరే. కానీ ఆ నూనె దేనిదో కూడా చూడాలిగా! నిమ్మ, నారింజ తొక్కల నూనెలు తేలిక, ఇట్టే ఆవిరైపోతాయి. గంధం, ఊద్ (అగరు చెక్క నూనె) లాంటివి బరువు, ఒంటిని పట్టుకుని ఉంటాయి. డబ్బులు పోసి నిమ్మవాసన ఓ డి పర్ఫ్యూమ్ కొన్నాను. పొద్దున కొట్టుకుంటే బస్సు దిగేసరికి మాయం. చార్మినార్ దగ్గర కొన్న చిన్న సీసా గంధం అత్తరు మాత్రం మణికట్టు మీద ఒక్క చుక్క రాస్తే సాయంత్రం అన్నం కలిపేటప్పుడూ వాసనే (పప్పులో గంధం, అదో బాధ). అసలు అత్తర్ల ఊసే ఎత్తలేదేం? ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. తొలకరి వాసన సీసాలోకి వచ్చేస్తుంది. ఆల్కహాల్ చుక్క ఉండదు. ఆ మట్టి అత్తరును మీ పట్టికలో ఏ గడిలో పెడతారు?