రేడియేటర్లో కాపురం పెట్టిన గాలిగారికి

మహారాజశ్రీ గాలిగారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ కుశలం ఒకవైపే ఉంది. మీరు కులాసాగానే ఉన్నారని అర్ధరాత్రి పైపుల్లో వినిపించే గలగలలే చెబుతున్నాయి. మేం మాత్రం ఈ బర్మింగ్‌హామ్ జనవరిలో ఇంట్లోనే మంకీ క్యాపులు పెట్టుకుని తిరుగుతున్నాం.

సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడిలా మీరు నేరుగా మేడెక్కేస్తారు. పడగ్గది రేడియేటర్లో (అదే, వేడినీళ్ళు తిరుగుతూ గదిని వెచ్చబెట్టే గోడపలకలో) పైభాగమే కావాలి తమరికి. కింద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, పైన పెడితే జివ్వుమంటుంది. (పైన వేడిగా ఉండి కింద చల్లబడితే అది తుప్పు బురద పని. చెయ్యని నేరం మీ మీద మోపను.)

తమరిని సాగనంపే తంతు ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. హీటింగ్ ఆపి, రేడియేటర్ చల్లారేదాకా ఆగాలి. మూలనున్న చిన్న చదరపు మరకు తాళంచెవి తగిలించి, కింద పాతగుడ్డ పట్టుకుని, పావు చుట్టు తిప్పాలి. మీరు బుస్సుమంటారు. ఆ బుస తడబడి, గుడ్డ మీద నాలుగు నల్లచుక్కలు చిమ్మి, సన్నని ధార మొదలవగానే బిగించెయ్యాలి. వారం తిరక్కుండా మళ్ళీ మీరే!

మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరిదీ ఒకటే సలహా: "గాలి తీసెయ్ అన్నా." తీస్తూనే ఉన్నాం తమ్ముడూ, అసలు ఎటునుంచి వస్తోందో చెప్పు అంటే బొటనవేలు బొమ్మ పెట్టాడు. పక్కింటివాళ్ళది అటక మీద తొట్టి అక్కర్లేని కాంబీ బాయిలర్. గాలి తీసినప్పుడల్లా ప్రెజర్ పడిపోతుంది, మళ్ళీ 1 బార్ దాటేదాకా కొత్తనీళ్ళు ఎక్కిస్తారు. ఆ నీళ్ళలో కరిగి మళ్ళీ తమరే వేంచేస్తారు.

మాది పాత పద్ధతి. అటక మీద చిన్న తొట్టి, దాన్నుంచి కిందికి నీళ్ళు దిగే 15 మిల్లీమీటర్ల ఫీడ్ పైపు, లోపలి గాలీ ఆవిరీ బయటికి పోవడానికి తొట్టి మీదికి వంగిన 22 మిల్లీమీటర్ల వెంట్ పైపు. తొట్టి ఎండిపోయిందేమోనని ముందు అనుమానపడ్డాం. తొట్టిలోకి నీళ్ళు వదిలే ఫ్లోట్ వాల్వు బిగుసుకుపోతే అలా జరుగుతుంది. కానీ తొట్టి నిండుగానే ఉంది. అప్పుడు ప్లంబరు వెంట్ పైపు మూతిని గ్లాసుడు నీళ్ళలో ముంచి, పంపు వెయ్యమన్నాడు. గ్లాసులో నీళ్ళు గుటుక్కున పైకి పోయాయి. అంటే పంపు వేసినప్పుడల్లా ఆ దారినే తమరు లోపలికి దయచేస్తున్నారన్నమాట. నేల మీద చుక్క తడి కూడా కనబడలేదు మరి, లీకని ఎవరికి అనుమానమొస్తుంది?

ఆ తర్వాత సంచీలోంచి అయస్కాంతం తీసి, ఫీడ్ పైపు కిందికొచ్చి కలిసే చోట పెట్టాడు. రాగిపైపుకి అయస్కాంతం అంటుకోకూడదు. టక్కున అంటుకుంది! (ఫ్రిజ్ మీదున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ ఇవ్వనా అని మా ఆవిడ అడిగింది గానీ, దానికంత బలం లేదు.) లోపల నల్లటి ఇనుపతుప్పు గడ్డకట్టి దారి మూసేసింది. నీళ్ళు రావలసిన దారి మూసుకుపోయేసరికి పంపు వెంట్ పైపు నుంచి తమరిని లాగడం మొదలుపెట్టింది.

అయ్యా, ఇక్కడే తమరి ప్రతిభకు చేతులు జోడించాలి. ఉక్కు రేడియేటర్లకి తుప్పు పట్టించే ఆక్సిజన్ తమరిదే. ఆ తుప్పుతో ఫీడ్ పైపు పూడ్పించి, పూడిక వంకతో ఇంకో గుమ్మం తెరిపించుకుని, మరింత ఆక్సిజన్ తెచ్చి మరింత తుప్పు పట్టించారు. మా మున్సిపాలిటీ కాంట్రాక్టర్లకి కూడా ఇంత ముందుచూపు లేదు.

కాబట్టి ఇందుమూలంగా నోటీసు. గురువారం పూడిన ముక్క కోసేసి కొత్త పైపు వేస్తారు, సిస్టమంతా కడిగి తుప్పుపట్టకుండా ఇన్హిబిటర్ పోస్తారు. సామాను సర్దుకోగలరు.

ఇట్లు,
అద్దె ముట్టని ఇంటి యజమాని

తా.క.: తుప్పు ముదిరితే రేడియేటర్లో మీతోపాటు హైడ్రోజన్ కూడా చేరుతుందట, దానికి అంటుకునే గుణం ఉంది. మా చిన్నాన్న ఇండియా నుంచి వీడియో కాల్‌లో "అగ్గిపుల్ల గీసి చూడరా, ఏ గాలో తెలుస్తుంది" అంటున్నాడు. ఆయన మాట మాత్రం వినడంలేదు.